ఏ అలసట ఎక్కడిది: నవంబరు పుటలు

నవంబరు 1, 2024, శుక్రవారం

ఈ నెలంతా పడుకోబోయే ముందు రెండే సంగతులు రాయాలనుకున్నాను. ఇవాళ ఏం చేశాక ఒంట్లో సత్తువ పెరిగింది, ఏం చేశాక తగ్గింది. ఎందుకన్న ఆరా తరవాత. ముందు జరిగింది జరిగినట్టు.

ఈ ఆలోచన దీపావళికి వచ్చిన మా అమ్మాయిది. హైదరాబాదులో సైకాలజీ చదువుతోంది. మారియన్ మిల్నర్ అని ఇంగ్లండులో ఒకావిడ 1926లో ఇలాంటి డైరీయే మొదలుపెట్టిందట. తనకు ఏది సంతోషమో తనకే తెలియటం లేదనిపించి, మనసు ఎక్కడ విచ్చుకుందో ఎక్కడ ముడుచుకుందో రాసుకుంటూ పోయింది. ఆ రాతల్లోంచి 1934లో జొయానా ఫీల్డ్ అనే మారుపేరుతో పుస్తకం తెచ్చింది. తనకు కావాలని అనుకున్నవీ, నిజంగా తృప్తినిచ్చినవీ వేరువేరని ఆవిడకు తేలిందట.

నా వెతుకులాట సంతోషం గురించి కాదు, అలసట గురించి. సాయంత్రం బ్యాంకు నుంచి ఇల్లు చేరేసరికి అత్తయ్యగారు పలకరించినా "ఊఁ" అనటం తప్ప మాట రావటం లేదు. పని ఎక్కువైపోయిందని అందరితోనూ అంటున్నాను. వాళ్ళూ నమ్ముతున్నారు, నేనూ నమ్ముతున్నాను.

ఇవాళ ఒకటో తారీఖు, పైగా పండగ మర్నాడు. షట్టరు ఎత్తకముందే మెట్లనిండా జనం. డబ్బు తీసుకునేవాళ్ళు, పాస్‌బుక్కుల్లో ఎంట్రీలు వేయించుకునేవాళ్ళు. క్యారేజీ విప్పేసరికి మూడు దాటింది. తలుపులు మూసి లెక్కపెడితే క్యాష్ మొదటిసారికే టాలీ అయింది. ఇంటికొచ్చి నిన్నటి ప్రమిదలన్నీ కడిగి ఆరబెట్టాను, అత్తయ్యగారు చెప్పిన వాళ్ళ పుట్టింటి దీపావళి కబుర్లు చాలాసేపు విన్నాను. నెలలో అన్నిటికంటే బరువైన రోజు ఇది. సత్తువ మిగిలింది. పని ఎక్కువైతే అలసట అన్న లెక్క మొదటిరోజే కుదరలేదు.

నవంబరు 4, సోమవారం

కార్తీకంలో మొదటి సోమవారం. పొద్దున గ్లాసు పాలు, మళ్ళీ రాత్రి చుక్క చూశాకే భోజనం. పాలకొల్లు, భీమవరం శివాలయాలకు వెళ్ళే బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదని మా మెసెంజరు చెప్పాడు.

అన్నం తినని రోజున నీరసం రావాలి. రాలేదు. పొద్దుటి నుంచీ ఏం తేడా జరిగిందా అని చూసుకుంటే ఒకటే కనిపించింది. ఉపవాసం కదా అని నన్నెవరూ టీకి పిలవలేదు. పదకొండింటికి టీ దగ్గర రోజూ సాగే మాటలు, ఎవరికి ఎక్కడికి ట్రాన్స్‌ఫరయింది, ఎవరు ఎవరిమీద ఏమన్నారు, ఇవాళ నా చెవిన పడలేదు. గాంధీగారు సోమవారాలు మౌనం పాటించేవారు. ఏదైనా చెప్పాల్సి వస్తే కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఆయన ఉపవాసాల గురించి మనం గుర్తుపెట్టుకున్నంతగా ఆ సోమవారపు మౌనం గురించి గుర్తుపెట్టుకోలేదు. పత్రికలు, ఉత్తరాలు, ఉద్యమం, వచ్చేపోయే జనం, ఇన్నిటి మధ్య ఆయనకు అంత ఓపిక మిగలటంలో ఆ సోమవారాలకు కొంత వాటా ఉండే ఉంటుందని నా నమ్మకం.

నవంబరు 6, బుధవారం

పొద్దున తొమ్మిదింటికే వీడియో కాన్ఫరెన్స్, మేం వీసీ అంటాం. బీమా పాలసీల్లో ఏ బ్రాంచి ఎంత వెనకబడిందో రంగుల పట్టికలో చూపించారు. మాది ఎరుపులో ఉంది. ఇవాళ సాయంత్రంలోగా ఎన్ని లీడ్స్ ఇస్తారని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు. బ్యాంకులు బీమా అమ్మటానికి 2000లో దారి తెరుచుకుంది. అప్పటినుంచి మెల్లమెల్లగా పెరుగుతూ పెరుగుతూ, డిపాజిట్లు, అప్పుల సంగతి పక్కన పెట్టి ముందు దీని గురించే అడిగే కాలం వచ్చింది.

పదకొండింటికి మాధవరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తాడేపల్లిగూడేనికి దగ్గరే ఆ ఊరు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళినవాళ్ళున్నారు కాబట్టి మిలటరీ మాధవరం అనే అందరికీ తెలుసు. ఆయనా సుబేదారుగా రిటైరయినవారే. డెబ్బై దాటాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరింది, మళ్ళీ వేయమని రసీదు తెచ్చారు. మేనేజరుగారు గాజు తలుపు లోపల్నుంచి నాకేసి చూశారు. మనవడి పేరుమీద ఏటా ఇంత చొప్పున కట్టే పాలసీ గురించి మొదలుపెట్టాను. వీసీలో నేర్పిన వరసలోనే చెప్పాను: ముందు మనవడి చదువు, తరవాత పన్ను మినహాయింపు, చివర్న రాబడి. ఆయన అంతా శ్రద్ధగా విని, "మీ నాన్నగారికైతే ఇదే చెబుతావా అమ్మా?" అన్నారు. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

"చెప్పనండీ. డిపాజిట్టే వేయమంటాను. మీ వయసుకు అర శాతం వడ్డీ కూడా ఎక్కువ వస్తుంది" అన్నాను. ఆయన రసీదు నా చేతికిచ్చారు.

బరువులెత్తలేదు, ఎండలో నిలబడలేదు, కూడికలు తప్పి మళ్ళీ వేయలేదు. మొత్తం పావుగంట. ఆ పావుగంటకే మధ్యాహ్నానికి మెడ నరాలు బిగుసుకుపోయాయి, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాను. ఆయనకు నిజం చెప్పేశాక ఒక్క నిమిషం తేలిగ్గా ఉన్న మాట మాత్రం నిజం. అదీ రాసుకుంటున్నాను.

నవంబరు 7, గురువారం

రాత్రి అమ్మాయితో ఫోన్లో నిన్నటిది చెప్పాను. దీనికి పుస్తకమే ఉందమ్మా అంది. ఆర్లీ హోచ్‌షీల్డ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను, బాకీలు వసూలు చేసేవాళ్ళను దగ్గరగా చూసి 1983లో రాసిందట. జీతం కోసం చెయ్యి, కాలు కదిపినట్టే మొహాన్నీ మనసునూ కూడా కదిలించాల్సిన ఉద్యోగాలు అవి. ఒకరు ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి, రెండోవారు ఎప్పుడూ కరకుగా ఉండాలి. లోపల ఉన్నదానికీ పైకి చూపేదానికీ మధ్య ఎడం పెరిగినకొద్దీ మనిషి తన మనసును తనే పోల్చుకోలేని స్థితికి వస్తాడన్నది ఆవిడ వాదన.

నలభై ఏళ్ళ నాడు ఎక్కడో అమెరికా విమానాల గురించి రాసిన సంగతి నా కౌంటరుకు ఇంత అతుకుతుందని అనుకోలేదు. కాకపోతే కౌంటర్లో నవ్వటం నాకెప్పుడూ బరువు కాలేదు. వచ్చినవాళ్ళను చూసి నవ్వు దానంతటదే వస్తుంది. నా నోటితో ఇంకెవరి మాటో పలకటమే బరువు.

నవంబరు 9, శనివారం

రెండో శనివారం, సెలవు. బోలెడు విశ్రాంతి దొరకాల్సిన రోజు. రాత్రికి బ్యాంకు రోజులకంటే నీరసంగా ఉన్నాను.

బీరువా సర్దటం మొదలుపెట్టి ఫోనొస్తే ఆపాను. ఫోన్లో చూడబోయింది ఒకటి, చూస్తూ కూర్చుంది వేరొకటి. "మధ్యాహ్నానికేం కూరే?" అని అత్తయ్యగారు అడిగితే బీరకాయ అన్నాను, తొక్కు తీస్తుంటే గ్యాసు బుక్ చేయలేదని గుర్తొచ్చింది. రాత్రికీ అదే ప్రశ్న: ఏం కూర? పెళ్ళయినప్పటి నుంచీ రోజుకు రెండుసార్లు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. వండటం నాకు కష్టం కాదు, నిజానికి ఇష్టం. ఏం వండాలో తేల్చుకోవటం దగ్గరే ప్రాణం పోతోంది.

పూర్తయిన పనులకంటే మధ్యలో ఆగినవే మనసులో గట్టిగా నిలుస్తాయని బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు 1927లో ప్రయోగాలు చేసి చెప్పిందని అమ్మాయి అంటుంది. ఆవిడ చెప్పినా చెప్పకపోయినా, సగం సర్దిన బీరువా ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

నవంబరు 10, ఆదివారం

వారం మొత్తానికి కూరల పట్టీ అత్తయ్యగారినే రాయమన్నాను. ఆవిడ ఎంత ఉత్సాహంగా రాశారో! మంగళవారం పనసపొట్టు ఆవపెట్టి, గురువారం కందా బచ్చలీ. ఆవిడకు ఇంట్లో ఇలాంటి నిర్ణయాల అధికారం పోయి చాలా కాలమైందని నాకు ఇప్పుడు అర్థమైంది. నాకు బరువైనది ఆవిడకు బలం. బీరువా కూడా పూర్తిచేశాను.

నవంబరు 12, మంగళవారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

నవంబరంటే లైఫ్ సర్టిఫికెట్ల నెల. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు, అంటే రైల్వే, తపాలాలాంటి శాఖలవాళ్ళు, తాము బతికే ఉన్నామని ఏటా ఈ నెలలో రుజువు చూపాలి. ఎనభై దాటినవాళ్ళకు అక్టోబరు ఒకటి నుంచే వీలుంది, కానీ చాలామందికి ఆ సంగతి తెలియక ఈ రద్దీలోనే వస్తారు. మిలటరీవాళ్ళ పెన్షన్ లెక్కలు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారినా, గుర్తింపు వేయించుకోవటానికి మా దగ్గరికే వస్తారు. కాగితాల బదులు వేలిముద్రతో పనయ్యేలా జీవన్ ప్రమాణ్‌ను 2014 నవంబరు 10న తెచ్చారు. 2021 నుంచి మొహం చూపినా చాలు.

పదిన్నరకు ఒక మామ్మగారు వచ్చారు. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయారు. ఫ్యామిలీ పెన్షన్. వేలు పెడితే మెషిన్ తీసుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు, రెండు చేతులూ అయ్యాయి. ఊడ్పుల్లో, కలుపుల్లో, గిన్నెలు తోమటంలో ఆ వేళ్ళ గీతలు అరిగిపోయాయి. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుని, "నా చెయ్యి పనికిరాదామ్మా?" అన్నారు. ఒక జీవితమంతా పనిచేసిన చేతులవి. వాటిని గుర్తుపట్టలేకపోవటం మెషిన్ లోపమని చెప్పాను. తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ చూశాను. అప్పటికీ కాలేదు. అప్పుడు ఫోన్లో మొహం తీయటానికి వెలుతురున్న కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. కనురెప్ప వేస్తేనే అది ఒప్పుకుంటుంది. మామ్మగారు ఫోటో అనుకుని కళ్ళు విప్పార్చి ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "రెప్ప వెయ్యండి మామ్మగారూ" అంటే ఫోటో పాడవుతుందని వేయరు! చివరికి ఆవిడ మనవరాలిని గురించి ఏదో అడిగాను. జవాబు చెబుతూ రెప్ప వేశారు. అయిపోయింది. నంబరు వచ్చింది. కాగితం మీద పెద్ద అంకెలతో రాసి ఇచ్చాను. నా తలమీద చెయ్యి పెట్టి వెళ్ళారు.

ఆ తరవాత వరసాగలేదు. ఒకరికి ఆధార్‌లో పేరు ఒకలా, పెన్షన్ ఆర్డరులో ఒకలా. ఒకాయనకు కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు. ఇంకొకాయన పనయ్యాక కూడా కుర్చీలోంచి లేవకుండా 1971లో తను ఏ సెక్టారులో ఉన్నారో చెప్పుకొచ్చారు. వెనక ఉన్నవాళ్ళెవరూ విసుక్కోలేదు, వాళ్ళూ వింటున్నారు.

రోజంతా నీళ్ళు తాగటం కూడా మరిచాను. కాళ్ళు పీకుతున్నాయి, గొంతు బొంగురుపోయింది. కానీ ఇంటికి నడిచే వచ్చాను, దారిలో మార్కెట్లో ఆగి ఉల్లిపాయలు బేరమాడి కొన్నాను, ఇప్పుడు ఇంత పొడుగున రాస్తున్నాను. ఒంటికి అలసట ఉంది, మనిషికి లేదు. కుర్చీ ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరి పనీ నా కళ్ళముందే మొదలై నా కళ్ళముందే పూర్తయింది. చెప్పిన ప్రతి మాటా నాదే.

నవంబరు 15, శుక్రవారం

పౌర్ణమి. సాయంత్రం గుళ్ళో 365 వత్తుల కట్ట వెలిగించాం. అత్తయ్యగారు మెట్లు ఎక్కలేకపోతే మావారూ నేనూ చెరోపక్క పట్టుకున్నాం. సత్తువ.

నవంబరు 18, సోమవారం

మధ్యాహ్నం ఒకావిడ భర్త డెత్ సర్టిఫికెట్‌తో వచ్చింది. నా ఈడుదే. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరా ఉంది, పెన్షన్ ఆర్డరులో ఆవిడ పేరు ఉంది కాబట్టి కొత్త ఖాతా తెరవక్కర్లేదు, ఆ ఖాతాలోకే ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఎవరో కొత్త ఖాతా తప్పదని భయపెట్టారట. అక్కర్లేదని చెప్పగానే ఏడ్చేసింది. ఖాతా గురించి కాదు ఆ ఏడుపు. రెండు పేర్లలో ఒకటి తీసేయాలి కదా, దాని గురించి.

ఇంటికొచ్చాక చాలాసేపు చీకట్లో కూర్చున్నాను. సత్తువ తగ్గిన జాబితాలోనే ఇవాళ్టిది రాయాలి. కానీ ఆరో తారీఖు పక్కన దీన్ని రాయటానికి చెయ్యి రావటం లేదు. ఇది రేపొద్దున్నకు నిద్రతో పోతుంది. అది నిద్రపోయి లేచినా పోలేదు. తగ్గించేవన్నీ తప్పించుకోవాల్సినవి కావు. మనిషి దుఃఖం దగ్గర కూర్చుంటే కొంత ఖర్చు కావాల్సిందే.

నవంబరు 20, బుధవారం

అక్కయ్య రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. బావగారి మోకాలు, కోడలి తీరు, అన్నీ చెబుతుంది. పెట్టేసరికి నేను వాడిపోతాను, అక్కయ్య మాటలకు వాడిపోతున్నానే అని మళ్ళీ బాధ. నిన్న పొద్దున ముగ్గు వేశాక నేనే చేశాను. అవే మాటలు, అదే మోకాలు. హాయిగా మాట్లాడాను, మందుల సంగతి కూడా అడిగి రాసుకున్నాను. మనిషిలో తేడా లేదు, వేళలో ఉంది. ఇకమీదట పొద్దున్నే.

నవంబరు 21, గురువారం

ఒక రైతు బీమా బాండు పట్టుకుని వచ్చాడు. ఇంకో ఊళ్ళో, ఇంకెక్కడో అంటగట్టిన పాలసీ. ఒక్కసారే కట్టే డిపాజిట్ అనుకుని సంతకం పెట్టాడు, ఇప్పుడు చూస్తే ఏటా కట్టాలట. కోత కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు. బాండు చేతికందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వాపసు చేయొచ్చు, దాన్నే ఫ్రీ లుక్ అంటారు. స్టాంపు ఖర్చులాంటివి కొద్దిగా మినహాయించుకుని మిగిలింది ఇచ్చేయాలి. కవరు మీద తేదీ చూశాను, గడువు ఉంది. కూర్చోబెట్టి అర్జీ రాయించాను, అందినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోకుండా కదలొద్దని మరీమరీ చెప్పాను.

ఆరో తారీఖునా బీమాయే, ఇవాళా బీమాయే. ఆ రోజు కూలబడ్డాను, ఇవాళ సాయంత్రం వంటింట్లో కూనిరాగం తీస్తున్నానని మావారు అన్నారు.

నవంబరు 24, ఆదివారం

తోటలో వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద పూజ, దాని పక్కనే పంక్తులు. కుర్చీలో కూర్చుని "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అన్న ప్రశ్నకు వచ్చిన ప్రతివారికీ జవాబు చెప్పినంతసేపూ డీలా పడిపోయాను. పులిహోర బేసిను అందుకుని వడ్డనలోకి దిగాక ప్రాణం లేచివచ్చింది.

నవంబరు 27, బుధవారం

మొదటినుంచీ చదివాను. పని ఎక్కువై అలసిపోయిన రోజు ఇందులో ఒక్కటీ లేదు. నమ్మని మాట పలికిన రోజు, సగంలో ఆగిన పనులున్న రోజు, ఊరికే ప్రశ్నలకు జవాబులిచ్చిన రోజు ఉన్నాయి.

మధ్యాహ్నం మేనేజరుగారితో మాట్లాడాను. ఆయనమీద నాకు కోపం లేదు, ఎరుపు పట్టిక ఆయన్నీ నిద్రపోనివ్వటం లేదు. "సార్, బీమా అమ్మనని అనటం లేదు. జీవన జ్యోతి ఏటా 436 రూపాయలు, సురక్ష 20 రూపాయలు. ఒక్కోదానికి రెండేసి లక్షలు. వయసు సరిపోయిన ప్రతి ఒక్కరికీ నేనే చెప్పి చేర్పిస్తాను, ఆటోడ్రైవర్లకు, మార్కెట్లో హమాలీలకు అందరికీ. డెబ్బై ఏళ్ళవాళ్ళ ముందు మాత్రం ఏటా కట్టే పాలసీ తెరవను" అన్నాను. ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. ఆలోచిద్దాం అన్నారు.

నవంబరు 30, శనివారం

లైఫ్ సర్టిఫికెట్లకు ఆఖరి రోజు. సాయంత్రం దాకా వచ్చినవారు వచ్చినట్టే ఉన్నారు. ఇవాళ రాలేనివాళ్ళ పెన్షన్ పోదు, కొంతకాలం ఆగుతుంది. సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో కలిపి వస్తుంది. ఆ మాట మాధవరం నుంచి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి, మంచాన పడ్డవాళ్ళెవరైనా ఉంటే ఊరి పేరు, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళమన్నాను. కొన్ని పేర్లు వచ్చాయి.

వెళ్ళబోతుంటే మేనేజరుగారు పిలిచారు. పెద్దవాళ్ళ కౌంటరు సోమవారం నుంచి నాకే. 436, 20 రూపాయల పథకాల టార్గెట్టు బ్రాంచి మొత్తానిదీ నామీదే పెట్టారు. ఇదివరకటికంటే పని ఎక్కువే. ఒప్పుకున్నాను.